మిగిలితే బడికి: మద్రాసు ప్రెసిడెన్సీ బడ్జెట్లలో చదువు పద్దు

(డిగ్రీ కళాశాల చరిత్ర విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత ఖజానా అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చివరి వరసలో వాళ్లకు వినపడుతోందా? సరే, మైకు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటాను.

మీ లెక్చరరు గారు ఫోన్ చేసి, "బ్రిటిష్ కాలంలో బడ్జెట్ ఎలా వేసేవారో పిల్లలకు చెప్పండి మేడమ్" అన్నారు. నేను చరిత్రలో పట్టా పుచ్చుకున్నదాన్ని కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఖజానా శాఖలో బిల్లులు చూశాను. జూనియర్ అకౌంటెంటుగా చేరి సబ్ ట్రెజరీ అధికారిగా దిగాను. కాబట్టి మీకు చెప్పేది కూడా బిల్లు చూసే మనిషి కంటికి కనపడిన చరిత్రే.

ముందు ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక ఊళ్లో, ఒక ఏడాది మార్చి 30 సాయంత్రం. ఆ రోజుల్లో ట్రెజరీ ఎలా ఉండేదో ఇంట్లో ఉద్యోగులుంటే అడగండి, చెబుతారు. ఏడాది పొడవునా రాని బిల్లులన్నీ ఆ నాలుగు రోజుల్లోనే వస్తాయి. కౌంటర్ దగ్గర ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అందులో ఒక ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు గారు ఉన్నారు. రెండు గదుల కప్పు బాగు చేయించినందుకు బిల్లు. శాంక్షన్ ఆర్డరు ఉంది, వోచర్లు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి, ఒక్క తప్పు లేదు. కానీ ఆ పద్దులో డబ్బు లేదు. అభ్యంతరం రాసి బిల్లు తిరిగి ఇచ్చేశాను. ఆయన కోప్పడలేదు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "అమ్మా, ఎప్పుడూ మా బడి పద్దే ముందు అయిపోతుందేమిటి?" అన్నారు.

నాకు జవాబు తెలియదు. తెలియదని కూడా చెప్పలేదు, వెనక లైను చాలా పొడుగ్గా ఉంది. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. రిటైరయ్యాక పాత రిపోర్టులు, గెజిటీర్లు, శాసనసభ చర్చలు చదవడం మొదలుపెట్టింది ఆ ప్రశ్న కోసమే. ఈ రోజు అది మీతో పంచుకుందామని వచ్చాను.

1813తో మొదలుపెడదాం. ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ చార్టర్‌ను బ్రిటిష్ పార్లమెంటు పొడిగించింది. అందులో 43వ సెక్షన్ ఉంది. మీ పాఠంలో "విద్యకు ఏటా లక్ష రూపాయలు కేటాయించారు" అని ఒక్క వాక్యంలో ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. కానీ అసలు సెక్షన్ చదివితే ఆ లక్ష ఎక్కడినుంచి రావాలో ముందే చెప్పారు. సైన్యం ఖర్చు పోవాలి, పరిపాలన ఖర్చు పోవాలి, వ్యాపారం ఖర్చు పోవాలి, అప్పు మీద వడ్డీ కట్టాలి. ఇవన్నీ పోయాక మిగులు ఏమైనా ఉంటే అందులోంచి లక్షకు తగ్గకుండా. ఏ ఒక్క రాష్ట్రానికో కాదు, కంపెనీ ఏలుబడిలో ఉన్న దేశం మొత్తానికీ. ఆ లక్ష కూడా దాదాపు పదేళ్లు సరిగా ఖర్చు కాలేదు. 1823లో కలకత్తాలో విద్యా కమిటీ వేశాకే అది కదిలింది.

ఆ సెక్షన్‌లో నాకు కనపడిన మాట "మిగిలితే" అన్నది. బడ్జెట్ అంటే చాలామంది అంకెలు అనుకుంటారు. నా అనుభవంలో బడ్జెట్ అంటే వరస. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత. పెళ్లి పందిట్లో మొదటి బంతిలో కూర్చున్నవాళ్లకు అన్నీ వడ్డిస్తారు. చివరి బంతికి వచ్చేసరికి చారే మిగులుతుంది. వంట తక్కువ చేశారని కాదు, వాళ్లను ఆ బంతిలో కూర్చోబెట్టారని. బడిని ఆఖరి బంతిలో కూర్చోబెట్టింది 1813లోనే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. థామస్ మన్రో పేరు మీకు తెలుసు. దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమలో ఎక్కువ భాగానికీ బళ్లారికీ, కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. మా అమ్మమ్మ వాళ్ల వైపు మన్రోలయ్య అని పేరున్న తాత ఒకాయన ఉండేవాడట. సీమలో ఆ పేరు ఉండేది. ఆ మన్రో 1822 జూన్‌లో కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు పంపాడు. మీ జిల్లాలో బళ్లెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, అయ్యవార్లకు ఎవరిస్తున్నారు, లెక్క పంపండి అని.

లెక్కలన్నీ వచ్చేసరికి దాదాపు మూడేళ్లు పట్టింది. 1826 మార్చి 10న మన్రో రాసిన మినిట్‌లో, అంటే అధికారిక నోట్‌లో, మొత్తం ఉంది. ప్రెసిడెన్సీలో 12,498 బళ్లు, 1,88,650 మంది పిల్లలు, జనాభా 1,28,50,941. వెయ్యి మందికి ఒక బడి. ఆడపిల్లలు అందులో నూటికి ముగ్గురు కూడా లేరు. ఊరి చివర వాడల్లోని పిల్లలకు ఆ అరుగుల మీద చోటే లేదు. ఆ రోజులు ఎంతో గొప్పగా ఉండేవని నేను చెప్పడం లేదు, దయచేసి అలా రాసుకోకండి. కానీ బళ్లు ఉన్నాయి, వాటిని ఊళ్లే నడుపుకున్నాయి.

అన్ని జిల్లాల జవాబుల్లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ పంపింది ప్రత్యేకమైనది. ఈయన తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. భాష తెలుసు కాబట్టి బళ్ల లోపలికి వెళ్లి చూశాడు. 1823 ఆగస్టులో రిపోర్టు రాశాడు. జిల్లాలో 533 బళ్లు, 6,641 మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు 60. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడం, అన్నీ రాశాడు. ఆ తర్వాత ఆయన రాసిన మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఈ 533 బళ్లలో ఒక్కదానికి కూడా ఇవాళ సర్కారు సాయం అందడం లేదు, చెప్పడానికి సిగ్గుపడుతున్నాను అని రాశాడు. ఒక కలెక్టరు, తన పై ప్రభుత్వానికి పంపే అధికారిక రిపోర్టులో, సిగ్గుపడుతున్నాను అని రాశాడు! ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో ఫైళ్లు చూశాను. ఆ మాట రాసిన అధికారి నాకు తగల్లేదు.

బళ్లు ఎందుకు తగ్గుతున్నాయో కూడా రాశాడు. ఇంగ్లండు బట్ట వచ్చి మగ్గాలు పడిపోయాయి. ఇక్కడి డబ్బు ఇక్కడ తిరగడం లేదు. పిల్లాడి చిన్న చేతుల కష్టం కూడా ఇంటికి కావలసి వస్తోంది. వెనకటి రాజులు చదువుకు ఇచ్చిన మాన్యాలు కూడా దారి మళ్లిపోయాయి. అంటే బడికి ఉన్న రెండు ఆధారాలూ, ఇంటి డబ్బూ మాన్యం భూమీ, ఒకేసారి పోయాయి. వాటి చోట సర్కారు డబ్బు రాలేదు.

మన్రో అప్పుడు ఒక బడ్జెట్ వేశాడు. నేను దాన్ని కాగితం మీద మళ్లీ వేసి చూసుకున్నాను, మీరూ రాసుకోండి. నెలకు: మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి 700 రూపాయలు. కలెక్టరేట్ బళ్లు 40, ఇరవై హిందువులకు, ఇరవై ముస్లింలకు, ఉపాధ్యాయుడికి 15 రూపాయల చొప్పున 600. తహశీల్దారీ బళ్లు 300, తొమ్మిదేసి రూపాయల చొప్పున 2,700. మొత్తం 4,000. ఏడాదికి 48,000. అంతే. తొమ్మిది రూపాయలు తక్కువ కదా అంటారని ఆయనకు తెలుసు. పిల్లల దగ్గర ఫీజు కూడా అంతే వస్తుంది, స్కాట్లండులో ఊరి బడి పంతులు కంటే ఇతనే నయం అని రాశాడు.

పక్కన ఇంకో అంకె పెట్టుకోండి. 1833 చార్టర్ చట్టం ప్రెసిడెన్సీ గవర్నరు జీతాన్ని ఏడాదికి 1,20,000 సిక్కా రూపాయలుగా నిర్ణయించింది. మొత్తం ప్రెసిడెన్సీలో 340 బళ్ల ఖర్చు ఒక గవర్నరు జీతంలో సగం కూడా లేదు.

ఆ 48,000కి లండన్ ఒప్పుకోవాలి. ఓడలో కాగితం వెళ్లాలి, డైరెక్టర్లు చూడాలి, మళ్లీ ఓడలో రావాలి. 1827 జూలై 6న మన్రో కలరాతో చనిపోయాడు, మన కర్నూలు జిల్లా పత్తికొండలో. లండన్ ఆమోదం 1828లో వచ్చింది. బళ్లు కొన్ని పెట్టారు. 1836లో ఆ తహశీల్దారీ బళ్లు ఎత్తేశారు.

ఈ మధ్యలో ఇంకో పెద్ద ముడి పడింది. అదే 1833 చట్టం, ఏ ప్రెసిడెన్సీ గవర్నరూ గవర్నర్ జనరల్ ముందస్తు అనుమతి లేకుండా కొత్త ఉద్యోగం సృష్టించకూడదు, కొత్త జీతం ఇవ్వకూడదు అంది. మద్రాసు గవర్నరు అంత పెద్దవాడు కూడా ఒక గుమాస్తా పోస్టుకు కలకత్తాలోని గవర్నర్ జనరల్‌కు రాయాలి. డబ్బంతా ఒకే సంచిలో, సంచి మూతి కలకత్తా చేతిలో. మద్రాసు పొదుపు చేసినా ఆ డబ్బు మద్రాసుకు మిగలదు. మరి పొదుపు చేయడం దేనికి? ఎంత ఎక్కువ అడిగితే అంత వస్తుంది. ఆ వ్యవహారాలు దగ్గరినుంచి చూసిన స్ట్రేచీ అనే అధికారి, ఇది పంపకం కాదు పెనుగులాట, గట్టిగా కొట్లాడినవాడికే దొరికేది అన్న అర్థంలో రాశాడు. పెనుగులాటలో పోలీసు శాఖ గట్టిగా అడగగలదు, దాని వెనక భయం ఉంది. పనుల శాఖ అడగగలదు, కాలవ తవ్వితే శిస్తు పెరుగుతుంది. ఒకటో తరగతి పిల్లాడి తరఫున ఎవరు కొట్లాడతారు?

ఇక్కడ గోదావరి జిల్లా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఇది మన వాళ్లే చేసిన పని.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో చేతికి నాలుగు డబ్బులు వస్తున్న రోజులు. సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ నరసాపురంలో చందాలతో ఒక బడి పెట్టించాడు. తర్వాత పాలకొల్లు, ఆచంట, పెనుగొండ. అది చూసి చుట్టుపక్కల రైతులు మాకూ బడి కావాలన్నారు. డబ్బెలా? మా శిస్తు మీద కొంచెం కలిపి వసూలు చేసుకోండి, అది మా ఊరి బడికే వాడండి అన్నారు. రేటు బళ్లు అని వాటికి పేరు. ఆలోచించండి, ఎవరూ అడగని పన్నును తమంతట తాము కడతామన్న రైతులు! 1854లో లండన్ నుంచి వుడ్ డిస్పాచ్, అంటే విద్య మీద కంపెనీ ఉత్తరువు, వచ్చి, ప్రజలు ఎంత వేసుకుంటే దానికి జోడించి సర్కారు గ్రాంటు ఇవ్వాలి అంది. గోదావరి రైతులు అప్పటికే తమ వంతు వేసి కూర్చున్నారు.

మరి ఏమైంది? ఇష్టంతో ఇచ్చింది కొన్నాళ్లకు పద్దు అయిపోయింది. శిస్తుతో పాటే వసూలు, శిస్తులాగే వసూలు. పిల్లలు లేనివాడూ కట్టాలి, బడి రాని ఊరివాడూ కట్టాలి. మేము ఒప్పుకోలేదే అన్నవాళ్లు బయల్దేరారు. దాన్ని చట్టబద్ధం చేయడానికి 1863లో మద్రాసు విద్యా చట్టం తెచ్చారు, జనం ఒప్పుకున్న చోటే రేటు వేయాలని. గోదావరి బయట ఆ చట్టం కింద బళ్లు పెద్దగా రాలేదు. నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఆ రైతుల చేతిలో ఆ డబ్బు లెక్క చూసే అధికారం కూడా పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. కట్టేది ఊరు, లెక్క చూసేది కచేరీ అయ్యేసరికి మన బడి అన్న మాట పోయింది.

1860లో జేమ్స్ విల్సన్ వచ్చి మొదటి బడ్జెట్ పెట్టడం, ఆదాయపు పన్ను వేయడం మీ పాఠాల్లో ఉంది, దాని మీద ఆగను. 1867 నుంచి ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతోంది. మేము పడ్డ మార్చి టెన్షన్‌కు మూలం అది.

మనకు ముఖ్యమైనది 1870 డిసెంబర్ 14. వైస్రాయి లార్డ్ మేయో తీర్మానం. జైళ్లు, రిజిస్ట్రేషన్, పోలీసు, విద్య, వైద్యం, ప్రింటింగ్, రోడ్లు, సివిల్ భవనాలు, ఇవన్నీ రాష్ట్రాలకు ఇచ్చేస్తున్నాం, వాటికి ఏటా ఇంత అని గ్రాంటు ఇస్తాం, సర్దుకోండి అన్నారు. వినడానికి అధికార వికేంద్రీకరణ. అన్ని రాష్ట్రాలకూ కలిపి దాదాపు 46 లక్షల 88 వేల పౌండ్లు. కానీ ఆ శాఖల మీద అంతకుముందు అవుతున్న ఖర్చు కంటే ఇది దాదాపు 3 లక్షల 30 వేల పౌండ్లు తక్కువ. ఆ తక్కువ మీరే పూడ్చుకోండి, కొత్త పన్నులు వేసుకోండి అని దాని అర్థం. శిస్తు పెద్ద మొత్తం కేంద్రానిదే, ఉప్పు కేంద్రానిదే, కస్టమ్స్ కేంద్రానిదే. బాధ్యత మాత్రం రాష్ట్రానిది. మరుసటి ఏడాదే, 1871లో, మద్రాసులో లోకల్ ఫండ్స్ చట్టం వచ్చింది. భూమి మీద రూపాయికి అణా దాకా సెస్సు. రోడ్లకే అందులో పెద్ద వాటా. బడి మళ్లీ రోడ్డు వెనక నిలబడింది.

ఇలా అరకొరగా వచ్చిన డబ్బును బళ్లకు పంచడానికి ఒక పద్ధతి పెట్టారు. ఫలితాలను బట్టి గ్రాంటు. ఇది కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే బడ్జెట్ అనేది ఒక మనిషి ఒంటి మీదికి ఎలా వస్తుందో ఇక్కడ తెలుస్తుంది. ఊళ్లో అరుగు బడి అయ్యవారు ఉన్నాడనుకోండి. ఆయనకు జీతం లేదు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లలను వరసగా నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. చదవడానికి ఒక రేటు, రాతకు ఒక రేటు, లెక్కకు ఒక రేటు. పిల్లాడు పాసైతే అయ్యవారికి ఆ డబ్బు, తప్పితే లేదు. ఆ రోజు జ్వరం వచ్చి పిల్లాడు రాకపోతే ఆ డబ్బూ లేదు. పంట కోతలకు పిల్లలు పొలం వెళితే హాజరు చాలదు. అయ్యవారు ఏం చేస్తాడు? పాసయ్యే పిల్లల మీదే పడతాడు. వెనకబడ్డ పిల్లాడు, మొదటిసారి పలక పట్టిన ఇంటి పిల్లాడు, ఆయనకు నష్టం తెచ్చే పిల్లాడు అవుతాడు. ఆయన చెడ్డవాడై కాదు, గ్రాంటు రూలు ఆయన చేత అలా చేయించింది. మన ప్రెసిడెన్సీలో ఇది దాదాపు నలభై ఏళ్లు సాగింది.

ఇంత జరుగుతుంటే బడ్జెట్ గురించి భారతీయులు మాట్లాడే చోటే లేదు. 1892 చట్టం తర్వాత కౌన్సిల్లో చర్చించొచ్చు, ఓటు వేయకూడదు. ఆ ఉత్త చర్చనే గోపాలకృష్ణ గోఖలే ఆయుధం చేసుకున్నాడు. 1902లో ఆయన మొదటి బడ్జెట్ ప్రసంగం చదవండి. ప్రభుత్వం మిగులు చూపించి మురిసిపోతుంటే, జనం దగ్గర లేనిదాన్ని లాగి పెట్టెలో చూపించే మిగులు ఏం మిగులు అన్న అర్థంలో నిలదీశాడు. 1911 మార్చిలో నిర్బంధ ప్రాథమిక విద్య కోసం బిల్లు పెట్టాడు. అన్ని ఊళ్లకూ ఒకేసారి కాదు, స్థానిక సంస్థలు కోరుకున్న చోట మెల్లగా అని చాలా తగ్గించి అడిగాడు. 1912లో 38 మంది వద్దన్నారు, 13 మంది కావాలన్నారు. ఈ మధ్యలోనే 1911 డిసెంబర్‌లో ఢిల్లీ దర్బారు జరిగింది, చక్రవర్తి విద్యకు 50 లక్షలు ప్రకటించాడు. దానంగా ఇవ్వడానికి చెయ్యి వచ్చింది, హక్కుగా రాసివ్వడానికి రాలేదు.

1919 చట్టంతో ద్వంద్వ పాలన వచ్చింది, అంటే కొన్ని శాఖలు మంత్రులకు, కొన్ని గవర్నరుకు. విద్య మన మంత్రులకు వచ్చింది. మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం, అందులో చాలామంది తెలుగువాళ్లు. పానగల్లు రాజా, కూర్మా వెంకటరెడ్డి నాయుడు, విద్యకు బరంపురం వైపు నుంచి వచ్చిన ఎ. పి. పాత్రో. 1920 ప్రాథమిక విద్యా చట్టం అప్పటికే ఉంది. స్థానిక సంస్థ విద్యా పన్ను వేసుకుంటే సర్కారు దానికి తన వాటా కలుపుతుంది. గోదావరి రైతులు అడిగింది డెబ్భై ఏళ్లకు చట్టమైంది.

కానీ ఆర్థిక శాఖ మంత్రులకు ఇవ్వలేదు. అది గవర్నరు కౌన్సిల్ సభ్యుడి దగ్గరే ఉంది. బడి మంత్రి ఒకరు, బీరువా తాళం ఇంకొకరి దగ్గర. పైగా మెస్టన్ కమిటీ ఒక లెక్క వేసింది. రాష్ట్రాలన్నీ కలిసి ఏటా 983 లక్షలు ఢిల్లీకి కట్టాలి. బొంబాయి వాటా 56 లక్షలు. బెంగాల్ 63. మద్రాసు ఎంతో చెప్పండి? 348 లక్షలు. మూడో వంతుకు పైన. శిస్తు మీకొచ్చేసింది కాబట్టి మీ లాభం ఎక్కువ, అందుకే మీరు ఎక్కువ కట్టండి అన్నారు. ఆ లాభం రాయలసీమ మెట్ట రైతు దగ్గర, డెల్టా రైతు దగ్గర వసూలైన శిస్తు. అది బడికి రావలసిన సమయంలో రైలెక్కి వెళ్లిపోయింది. మద్రాసు కౌన్సిల్లో ఏళ్ల తరబడి దీని మీద గొడవ చేశారు. 1928-29కి గానీ పూర్తిగా ఎత్తేయలేదు.

వెంకటరెడ్డి నాయుడు గారు 1924లో ఈ ద్వంద్వ పాలన మీద వేసిన విచారణ కమిటీ ముందు చెప్పిన మాటలు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను అభివృద్ధి మంత్రిని, అడవులు నావి కావు. వ్యవసాయ మంత్రిని, నీటిపారుదల నాది కాదు. పరిశ్రమల మంత్రిని, ఫ్యాక్టరీలు, కరెంటు, గనులు నావి కావు. అదీ సారాంశం. ఓటుకు పెట్టని పద్దులు కూడా వేరే ఉన్నాయి, పెద్ద అధికారుల జీతాల్లాంటివి. వాటిని సభ ముట్టుకోకూడదు. కోత పెట్టాలంటే చేతికి దొరికేవి బళ్లు, ఆసుపత్రులే.

ఇక అబ్కారీ. నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

1919 తర్వాత రాష్ట్రాలకు దక్కిన ఆదాయాల్లో పెరిగే ఆదాయం ఏది? శిస్తు ముప్పై ఏళ్లకోసారి గానీ పెరగదు. కస్టమ్స్, ఆదాయపు పన్ను ఢిల్లీవి. మిగిలింది కల్లు, సారా. తాటిచెట్టుకు ఇంత, ఈతచెట్టుకు ఇంత అని చెట్టు పన్ను. దుకాణాలకు ఏటా వేలంపాట. పాటలో ఎంత ఎక్కువ పాడితే ఖజానాకు అంత. పాట పాడినవాడు ఆ డబ్బు రాబట్టాలంటే ఊళ్లో అంత ఎక్కువ తాగించాలి. 1930ల నాటికి మద్రాసు ఆదాయంలో దాదాపు నాలుగో వంతు ఇదే. అంటే కూలివాడు సాయంత్రం దుకాణంలో పెట్టిన అణా, పొద్దున వాడి కొడుకు బడిలో పంతులు జీతం అవుతోంది. తండ్రి తాగడం మానేస్తే కొడుకు బడి మూతపడుతుందని అధికారులే భయపెట్టేవారు. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గాలు వచ్చినప్పుడు గాంధీజీ ఇదే అన్నారు. మన పిల్లల చదువుకు మద్యం డబ్బు తప్ప దిక్కులేకుండా చేయడమే ఈ సంస్కరణల్లో అన్నిటికంటే క్రూరమైన విషయమని.

రాజాజీ అప్పుడు మద్రాసు ప్రధాని, అంటే ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి. ఆర్థిక శాఖ కూడా ఆయన దగ్గరే. 1937 అక్టోబర్ 1న సేలం జిల్లాలో మద్య నిషేధం పెట్టారు. 1938లో మన చిత్తూరు, కడప జిల్లాల్లో, తర్వాత ఉత్తర ఆర్కాటులో. పోయిన ఆదాయం చోట ఏం పెట్టాలి? 1939లో జనరల్ సేల్స్ ట్యాక్స్ తెచ్చారు, వ్యాపారి టర్నోవరు మీద నూటికి అర్ధ రూపాయి. వర్తకులు చాలా గోల చేశారు. బడికి తాగుబోతు డబ్బు కాకుండా వేరే డబ్బు వెతికిన మొదటి బడ్జెట్ అది, అందుకే ఆ విషయంలో ఆయన అంటే నాకు గౌరవం. యుద్ధకాలంలో గవర్నరు పాలన నిషేధాన్ని పక్కన పెట్టేసింది. అమ్మకం పన్ను మాత్రం ఉంచుకుంది.

మన దగ్గర ఈ మద్యం డబ్బు గొడవ 1992లో మళ్లీ తిరిగి వచ్చింది. మీరు పుట్టకముందు సంగతి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా గురించి ఉన్న పాఠం చదివారు. దూబగుంటలో ఆ పాఠం దగ్గరే సారా దుకాణం మూయించాలన్న పట్టుదల పుట్టింది. రోశమ్మ పేరు మీ అమ్మలకు తెలిసే ఉంటుంది. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో సంపూర్ణ నిషేధం. 1997లో ఖజానా తట్టుకోలేకపోతోందని సడలించారు. నేను అప్పుడు ఉద్యోగంలో ఉన్నాను, ఆ ఏళ్ల చలానాలు మా కళ్ల ముందే తగ్గాయి, మళ్లీ పెరిగాయి. ఎక్సైజ్ ఆదాయం 0039 పద్దు, సాధారణ విద్య 2202 పద్దు. కాగితం మీద ఈ రెంటికీ సంబంధం లేదు, అంతా ఒకే నిధిలో పడుతుంది. కానీ 0039 తగ్గిన నెలలో 2202 బిల్లులు ఎలా ఆగుతాయో కౌంటర్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఒక పద్దును మూయించారు. ఆ పద్దు మీద ఆధారపడకుండా బడిని నడిపే దారి ప్రభుత్వాలు వెతకలేదు.

ఇంతే నేను చెప్పాలనుకున్నది. ఎవరైనా ఏమైనా అడుగుతారా? ఆ అమ్మాయి... నువ్వే, చెప్పమ్మా.

(విద్యార్థిని ప్రశ్న: మేడమ్, ఆ హెడ్మాస్టరు గారి బిల్లు చివరికి ఏమైంది?)

పాసైంది. జూలైలో కొత్త బడ్జెట్ వచ్చాక మళ్లీ తెచ్చారు. ఈసారి పద్దులో డబ్బు ఉంది, టోకెన్ నేనే ఇచ్చాను. కానీ పని చేసిన మేస్త్రీ నాలుగు నెలలు ఆగడు కదా. ఆ డబ్బు ఆయన ఏప్రిల్‌లోనే బయట వడ్డీకి తెచ్చి కట్టేశారు. వడ్డీ వేసుకోవడానికి బిల్లులో గడి లేదు. అప్పుడు ఆయన మళ్లీ ఏమీ అడగలేదు, సంతకం పెట్టి వెళ్లిపోయారు.